జీవన్‌దాన్ ద్వారా మా వారికి కిడ్నీ పెట్టారు, యూరిన్ ఇంకా సరిగా రావడం లేదు

పద్మ_వరంగల్
ఏళ్ల తరబడి డయాలసిస్ తరవాత జీవన్‌దాన్ (బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవాలను రోగులకు కేటాయించే ప్రభుత్వ కార్యక్రమం) నుంచి ఫోన్ వచ్చింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. వారం కావస్తోంది, యూరిన్ చాలా తక్కువ. క్రియాటినిన్ (కిడ్నీ పని చేస్తే రక్తంలో తగ్గాల్సిన వ్యర్థం) 7 దగ్గరే ఆగింది, మళ్లీ డయాలసిస్ చేశారు. డాక్టర్లు "కిడ్నీ నిద్రలో ఉంది, లేస్తుంది" అంటున్నారు. పక్క గదిలో తల్లి కిడ్నీ ఇచ్చిన అబ్బాయికి మొదటి రోజు నుంచే బ్యాగు నిండుతోంది. అది తెలిసినప్పటి నుంచి ఈయన మాట్లాడటం లేదు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

రవి_గుంటూరు
పద్మ గారూ, మా ఆవిడకూ అచ్చం ఇలాగే జరిగింది. ఇప్పుడు బాగుంది, ముందు ఆ మాట చెప్పాలి. ఆ అబ్బాయితో మాత్రం పోల్చుకోకండి. తల్లి కిడ్నీ ఒక థియేటర్‌లో తీసి పక్క థియేటర్‌లో పెట్టేస్తారు. బ్రెయిన్ డెడ్ అయిన దాత నుంచి తీసింది చాలా గంటలు ఐస్‌లో ఉంటుంది. ఆ సమయంలో లోపలి సన్నటి గొట్టాలు దెబ్బతింటాయి. అవి కోలుకోవడానికి కొందరికి వారం, కొందరికి రెండు మూడు వారాలు కూడా పట్టొచ్చు. అంతవరకూ డయాలసిస్ చేస్తారు. కిడ్నీ ఫెయిలైందని కాదు దాని అర్థం. డాప్లర్ స్కాన్‌లో రక్తం బాగా వెళ్తోందా అని అడిగారా?

పద్మ_వరంగల్
డాప్లర్ బాగుందన్నారు అన్నయ్యా. రేపు బయాప్సీ అంటున్నారు. ఆ మాట వినగానే నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

విశ్రాంత_నర్సు
అమ్మా, నేను ట్రాన్స్‌ప్లాంట్ వార్డులో చాలాకాలం పనిచేశాను. కిడ్నీ ఆలస్యంగా లేస్తున్నప్పుడు రిజెక్షన్, అంటే ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొట్టడం, ఏమైనా ఉందేమో చూడటానికే బయాప్సీ. కొత్త కిడ్నీ పొత్తికడుపులో చర్మానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి స్కాన్‌లో చూస్తూ సూదితో చిన్న ముక్క తీస్తారు. తరవాత కొన్ని గంటలు కదలకుండా పడుకోవాలి. యూరిన్ ఎర్రగా వస్తే వెంటనే సిస్టర్‌కి చెప్పండి.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. టాక్రోలిమస్ అంటే రిజెక్షన్ రాకుండా ఇచ్చే మాత్ర. రక్తంలో దాని లెవెల్ పరీక్షకు పొద్దున మాత్ర వేయకముందే రక్తం తీయాలి. మాత్ర పడ్డాక తీస్తే లెవెల్ ఎక్కువ చూపిస్తుంది, దాన్నిబట్టి డోసు తప్పుగా మారిపోవచ్చు. రక్తం తీశారా అని అడిగాకే మాత్ర ఇవ్వనివ్వండి. ఆయన మౌనం గురించి కూడా డాక్టరుతో చెప్పండి. స్టెరాయిడ్లకు నిద్ర పట్టదు, మనసు కుదురుగా ఉండదు, షుగర్ పెరుగుతుంది. టాక్రోలిమస్‌కు చేతులు వణుకుతాయి. ఆయన అదంతా చూసుకుని ఏదో అయిపోతోందని భయపడుతూ ఉండొచ్చు.

లలిత_విజయవాడ
మా వారికి కిడ్నీ ఇచ్చింది నేనే. భార్యాభర్తలు 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం దగ్గరి బంధువులే, అయినా కమిటీ ముందు కూర్చుని కాగితాలన్నీ చూపించాం. ఆయన ఐసీయూలో, నేను వార్డులో. నా కోత నొప్పికన్నా ఆయన్ని చూడలేకపోవడమే ఎక్కువ బాధపెట్టింది. చెల్లెమ్మా, గ్లాసు అవతల నుంచే అయినా రోజూ కనిపించు. చూడటానికి వచ్చే చుట్టాలను మాత్రం ఇప్పుడే ఆపెయ్. "ఒక్కసారి పలకరించి వెళ్తాం" అంటారు. వాళ్ల జలుబు ఈయనకు ప్రమాదం. పెద్దవాళ్లు నొచ్చుకున్నా సరే, తరవాత సర్దిచెప్పుకోవచ్చు.

కడప_శీను
మా ఆవిడది లివర్ ట్రాన్స్‌ప్లాంట్. ఐసీయూలో రాత్రిళ్లు గోడ మీద మనుషులు కనిపిస్తున్నారనేది, నన్ను గుర్తుపట్టలేదు కూడా. కళ్లద్దాలు ఇచ్చి, గోడ గడియారం కనిపించేలా పడుకోబెట్టి, ఇవాళ ఏ వారమో రోజూ చెప్పేవాళ్లం. కొద్దిరోజుల్లో తేరుకుంది. ఆయన కూడా పొంతన లేకుండా మాట్లాడితే కంగారు పడకండి, కానీ డాక్టరుకు తప్పక చెప్పండి.

పద్మ_వరంగల్
బయాప్సీలో రిజెక్షన్ లేదు! రవి అన్నయ్య చెప్పినట్టే గొట్టాలు దెబ్బతిన్నాయట. నిన్నటి నుంచి యూరిన్ పెరుగుతోంది, క్రియాటినిన్ 5కి దిగింది. ఈరోజు ఆయనే "ఎంత వచ్చింది?" అని అడిగారు. కిడ్నీ ఇచ్చిన కుటుంబం ఎవరో మాకు చెప్పరు. ఎక్కడున్నా వాళ్లకు దండం పెట్టుకుంటున్నాను.
డిశ్చార్జి అయ్యాక ఆసుపత్రి దగ్గరే అద్దె గది తీసుకోమన్నారు. ఒకటి చూశాం, బాల్కనీ నిండా పావురాలు. తీసుకోవచ్చా?

విశ్రాంత_నర్సు
ఆ గది వద్దమ్మా. పావురాల రెట్టలో ఉండే ఫంగస్ ఊపిరితిత్తులకూ మెదడుకూ ఇన్ఫెక్షన్ తెస్తుంది. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు దానికి దూరంగా ఉండాలి. పంపరపనస పండు పెట్టొద్దు, టాక్రోలిమస్ లెవెల్ మారిపోతుంది. నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి షాపులో కొనొద్దు. ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా నాటుమందు వద్దు. జ్వరం 100 దాటితే రాత్రయినా ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కి ఫోన్ చెయ్యండి. లోపల మూత్రనాళంలో స్టెంట్ అనే సన్నటి గొట్టం పెట్టి ఉంటారు, కొన్ని వారాల తరవాత తీయాలి. ఆ తేదీ డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి.

పద్మ_వరంగల్
అలాగేనమ్మా, వేరే గది చూస్తున్నాం. స్టెంట్ సంగతి మాకెవరూ చెప్పలేదు, రేపు రౌండ్స్‌లో అడుగుతాను.