లాస్ వేగాస్ బేస్‌బాల్ స్టేడియం: పన్నుల ఆదాయం తగ్గితే కౌంటీ బాండ్లు ఎవరు తీర్చాలి?

అథ్లెటిక్స్ జట్టు కోసం పాత ట్రాపికానా హోటల్ స్థలంలో కడుతున్న స్టేడియానికి 2023 జూన్‌లో నెవాడా శాసనసభ 380 మిలియన్ డాలర్ల వరకు ప్రజాధనం ఆమోదించింది. అందులో 180 మిలియన్ల దాకా రాష్ట్రం ఇచ్చే ట్యాక్స్ క్రెడిట్లు (పన్ను రాయితీలు), సుమారు 120 మిలియన్లు లాస్ వేగాస్ ఉన్న క్లార్క్ కౌంటీ బాండ్లు, అంటే కౌంటీ తెచ్చే అప్పు.

నా టెన్షన్ అంతా ఈ బాండ్ల గురించే. స్టేడియం పరిధిలో వసూలయ్యే పన్నులతోనే అసలు, వడ్డీ తీరతాయంటున్నారు. మరి జనం రాని ఏడాది సంగతేంటి? కౌంటీ ఖజానా అంటే మా రోడ్లు, మా ఫైర్ స్టేషన్లు. దీన్ని ప్రజల ఓటుకు పెట్టాలని టీచర్ల సంఘం వేసిన పిటిషన్ కూడా 2024 మేలో రాష్ట్ర సుప్రీంకోర్టులో ఆగిపోయింది.

ఈ ప్రజాధనాన్ని ఆమోదించిన ఎస్‌బీ1 చట్టం చదివాను, ఆ భాష నాకు కొరుకుడు పడలేదు. ఒక కార్యాలయానికి మెయిల్ పెడితే మళ్ళీ అదే చట్టం లింకు పంపారు. తెలిసిన అకౌంటెంట్‌ని అడిగితే బాండ్లు తన పని కాదన్నారు.

మున్సిపల్ బాండ్ల (స్థానిక ప్రభుత్వాలు జారీ చేసే బాండ్ల) మీద పనిచేసిన వాళ్ళెవరైనా చెప్పండి: ఆ పన్నుల ఆదాయం చాలకపోతే మిగతా వాయిదా కౌంటీ సాధారణ నిధి నుంచే కట్టాలా, ఆ సంగతి చట్టంలో ఏ సెక్షన్‌లో ఉంది?