అప్‌డేట్: అమ్మతో కాశీయాత్ర ముగించుకొని కర్నూలు చేరాము

మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారిని కాశీకి తీసుకువెళ్లవచ్చునా అని రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. స్వామి దయవల్ల యాత్ర క్షేమంగా జరిగింది. సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో వెళ్లాము.

మీలో చాలామంది చెప్పినట్లు, గంగ ఒడ్డున లలితా ఘాట్ మెట్ల వైపు నుంచి కాక, రోడ్డు వైపున్న విశ్వనాథాలయపు నాలుగో నంబరు ద్వారం గుండా వెళ్లడం మాకు ఎంతో మేలు చేసింది. అహల్యాబాయి హోల్కర్ కట్టించిన ఆలయంలో విశ్వనాథుణ్ణి చూసి అమ్మ చాలాసేపు మాట్లాడలేకపోయింది. ఆ క్షణం కోసమే ఇంత దూరం వచ్చామనిపించింది. పక్కనే అన్నపూర్ణమ్మ దర్శనం సులభంగానే అయింది. విశాలాక్షి గుడికి వెళ్లే సందులే కష్టపెట్టాయి గనుక, పెద్దవారితో వెళ్లేవారు ఆ దర్శనానికి వేరే పూట పెట్టుకోవడం మంచిది. తమిళనాడు వర్తక సమాజమైన నాటుకోట్టై చెట్టియార్ల నిర్వహణలోని ఆ గుడి దక్షిణాది గోపురాన్ని చూడగానే అమ్మకు సొంత ఊరికి వచ్చినట్లనిపించిందట.

ఫోన్లను విశ్వనాథాలయం లోపలికి అనుమతించరు, బసలోనే ఉంచి వెళ్లండి. దశాశ్వమేధ ఘాట్ హారతికి గంట ముందే చేరినందువల్ల కూర్చోవడానికి చోటు దొరికింది.

కాశీలో ఇష్టమైనదాన్ని వదిలే ఆచారం ప్రకారం, ఇకపై తిననని అమ్మ గంగలో సీతాఫలాన్ని వదిలింది. కాలభైరవుని గుడిలో తెచ్చిన కాశీ దారాలను బంధువులకు పంచి, వచ్చే ఆదివారం ఇంట్లో సమారాధన చేస్తున్నాము.