కంపెనీ ఇచ్చిన వైఫై బాక్స్ తీసేసి సొంత రూటర్ పెట్టుకోవచ్చా?

మేడ మీద గది:
అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి, కిందా పైనా కలిపి రెండు పోర్షన్ల ఇల్లు. ఫైబర్ నెట్ కింద హాల్లో టీవీ వెనకాల దిగింది, కంపెనీ వాళ్లిచ్చిన తెల్ల బాక్స్ అక్కడే గోడకి బిగించి ఉంది. ప్లాన్ 300 ఎంబీపీఎస్. కింద ఫర్వాలేదు. పైన నా గదిలో మాత్రం మీటింగ్ మధ్యలో గొంతు ముక్కలైపోతుంది, అవతలి వాళ్లు "హలో హలో" అంటుంటే నేను ల్యాప్‌టాప్ పట్టుకుని మెట్ల మీదకి పరిగెత్తడం, రోజూ ఇదే వరస. విసుగొచ్చి ఆన్‌లైన్‌లో వైఫై 6 రూటర్ ఒకటి తెప్పించాను. తీరా విప్పి చూస్తే, గోడలోంచి వచ్చే సన్న తీగకి ఉన్న పచ్చ పిన్ను దూర్చడానికి దీనికి కన్నమే లేదు. వెనక అన్నీ మామూలు లాన్ పోర్టులే, ఒకటి మాత్రం వేరే రంగులో ఉంది. కొన్నది దండగేనా? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "బయటి రూటర్లకు మేం సపోర్ట్ ఇవ్వం సార్" అని పెట్టేశారు.

టూటౌన్ కుర్రాడు:
ఆ పచ్చ పిన్ను పీకావా బ్రో? పీకితే మళ్లీ టిక్కుమనేదాకా పెట్టెయ్. కొనని వేలితో ముట్టుకోకు, కంటి దగ్గర పెట్టుకుని లోపలికి అస్సలు చూడకు. అందులో వచ్చే వెలుతురు కంటికి కనపడదు, అలాగని లేదని కాదు.

మేడ మీద గది:
పీకాను 😅 మళ్లీ పెట్టాను. కాసేపు ఎర్ర లైటు వెలిగి తర్వాత పచ్చకి వచ్చింది.

పాత లైన్‌మ్యాన్:
పచ్చకి వచ్చిందిగా, భయం లేదు. ఎర్రగా వెలిగేది ఎల్‌ఓఎస్ లైటు, వెలుతురు అందట్లేదని అర్థం. పాన్ అని రాసి ఉన్న లైటు ఆరకుండా నిలబడితే లైను బాగున్నట్టే.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకి వద్దాం తమ్ముడూ. రూటర్ దండగ కాలేదు. ఆ తెల్ల బాక్స్‌ని అందరూ రూటర్ అంటారు కానీ అందులో రెండు పనులు కలిసి ఉన్నాయి. మొదటిది, తీగలో వచ్చే వెలుతురుని మామూలు నెట్ కేబుల్‌కి అర్థమయ్యేలా మార్చడం, దాన్ని ఓఎన్‌టీ అంటారు. రెండోది, కంపెనీ సర్వర్‌కి లాగిన్ అయ్యి వచ్చిన నెట్‌ని ఇంట్లో ఫోన్లకీ టీవీకీ పంచడం, వైఫై ఇవ్వడం. నువ్వు కొన్నది రెండో పని చేసేది. మొదటి పని దానికి రాదు, అందుకే కన్నం లేదు. కాబట్టి తెల్ల బాక్స్ గోడకే ఉంటుంది, దాని చేత రెండో పని మాన్పిస్తాం, అంతే. దీన్నే బ్రిడ్జి మోడ్ అంటారు. కస్టమర్ కేర్‌లో "బయటి రూటర్" అంటే వద్దంటారు, "ఓఎన్‌టీని బ్రిడ్జి చేయండి" అని అడిగితే కంప్లయింట్ నంబర్ ఇస్తారు. ఇంకా తేలిక దారి, మీ పేటకి వచ్చే టెక్నీషియన్ నంబర్ ఎలాగూ ఉంటుందిగా, అతన్ని అడగడం.

అడిగేటప్పుడు మూడు విషయాలు కాగితం మీద రాయించుకో. పీపీపీఓఈ (కంపెనీ సర్వర్‌కి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, దాని పాస్‌వర్డ్, వీలాన్ నంబర్ (ఒకే తీగలో నెట్ దారిని వేరుగా గుర్తుపట్టే నంబర్). వీలాన్ నంబర్ ఊరూరికీ మారుతుంది, ఒక్కోసారి ఒకే ఊళ్లో రెండు పేటలకి వేరుగా ఉంటుంది, నెట్‌లో ఎవరో చెప్పింది పట్టుకుని కొట్టుకోకు. కొన్ని కంపెనీలకి యూజర్‌నేమ్ ఉండదు, డీహెచ్‌సీపీ మీద, అంటే లాగిన్ లేకుండానే నడుస్తుంది, అక్కడ బాక్స్ మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబర్) చూసి లోపలికి రానిస్తారు. అలాగైతే కొత్త రూటర్‌లో మ్యాక్ క్లోన్ అనే చోట పాత బాక్స్ స్టిక్కర్ మీదున్న మ్యాక్ కొట్టాలి, లేదంటే ఫోన్ చేసి కొత్త మ్యాక్ ఎక్కించమనాలి.

గోదారి గట్టు:
ఇంత తతంగం ఎందుకండీ? బాక్స్ వెనక సన్న కన్నం ఉంటుంది, గుండుసూదితో పది సెకన్లు నొక్కితే రీసెట్ అయ్యి అడ్మిన్ పాస్‌వర్డ్ మామూలుదే వచ్చేస్తుంది, లోపలికెళ్లి మనమే బ్రిడ్జి పెట్టుకోవచ్చు.

పాత లైన్‌మ్యాన్:
దయచేసి ఆ సూది పక్కన పెట్టండి. రీసెట్ చేస్తే అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్కటే కాదు, యూజర్‌నేమ్, వీలాన్ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. కంపెనీ వాళ్లు దూరం నుంచే మళ్లీ ఎక్కించే ఏర్పాటు ఉంటే సరే, లేకపోతే బాక్స్ ఉత్త ప్లాస్టిక్ డబ్బా.

కారంపొడి:
ఆ డబ్బాతో రెండు రోజులు కాపురం చేసినదాన్ని నేను. శనివారం రాత్రి సూది నొక్కాను. పాన్ లైటు పచ్చగానే ఉంది, నెట్ మాత్రం లేదు. ఆదివారం ఎవరూ రారు. సోమవారం మధ్యాహ్నం వచ్చిన అబ్బాయి ల్యాప్‌టాప్ తీసి నాలుగు నిమిషాల్లో సరిచేసి, "మేడమ్, సూది వాడారా?" అని అడిగాడు. లేదన్నాను. వాడు నవ్వాడు.

మేడ మీద గది:
😂 సూది జోలికి వెళ్లను. స్టిక్కర్ మీదున్న పాస్‌వర్డ్‌తో 192.168.1.1లోకి, అంటే బాక్స్ సెట్టింగుల్లోకి వెళ్లాను. వాన్ పేజీలో (బయటి నుంచి వచ్చే నెట్ వివరాలుండే పేజీ) యూజర్‌నేమ్ కనిపిస్తోంది, పాస్‌వర్డ్ చుక్కలుగా ఉంది, మార్చే బటన్లన్నీ బూడిద రంగులో చచ్చుపడి ఉన్నాయి. ఇంకో పేజీలో ఆర్‌ఎక్స్ పవర్ మైనస్ 21.4 అని ఉంది, ఇది మంచిదేనా? ఇంకొకటి, ఈ బాక్స్‌కే ల్యాండ్‌లైన్ ఫోన్ కూడా తగిలించి ఉంది, నాన్నగారు వాడతారు. బ్రిడ్జి చేస్తే అది పోతుందా?

పాత లైన్‌మ్యాన్:
ఆర్‌ఎక్స్ పవర్ అంటే బాక్స్‌కి అందుతున్న వెలుతురు బలం, మైనస్ 21 దివ్యంగా ఉంది. మైనస్ 27 దగ్గరికి వచ్చిందంటే ఎక్కడో తీగ మడత పడిందనో, జాయింట్‌లో దుమ్ము పడిందనో అనుమానించాలి. టీవీ వెనక తీగని మేకుకి చుట్టడం, బీరువా కింద నలగ్గొట్టడం చేయకుండా ఉంటే చాలు.

బటన్లు చచ్చుపడ్డాయంటే నీకిచ్చింది యూజర్ లాగిన్, టెక్నీషియన్ దగ్గర వేరే లాగిన్ ఉంటుంది. అందుకే అతన్ని పిలవమంటున్నా.

ఫోన్ సంగతి అడిగావు చూడు, చాలామంది అది మర్చిపోతారు. ఫోన్ ఓఎన్‌టీలోంచే వస్తుంది, మామూలుగా దానికి లోపల వేరే దారి ఉంటుంది. నెట్ దారిని మాత్రమే బ్రిడ్జి చేసి ఫోన్ దారిని ముట్టుకోకపోతే నాన్నగారి ఫోన్ మోగుతూనే ఉంటుంది. టెక్నీషియన్‌కి ఈ మాట ముందే చెప్పు. లాన్ 1 పోర్టుకి మాత్రమే బ్రిడ్జి కట్టమను. అతను వెళ్లేలోపు ల్యాండ్‌లైన్‌కి ఓసారి రింగ్ ఇచ్చి చూసుకో.

మ్యూనిక్ మావయ్య:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఇక్కడ జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి చట్టమే ఉంది, కస్టమర్ తనకి నచ్చిన రూటర్ పెట్టుకోవచ్చు, లాగిన్ వివరాలు కంపెనీ అడగకుండానే ఇవ్వాలి. నాకు కనెక్షన్ ఇచ్చినప్పుడు ఆ కాగితం పోస్టులో వచ్చింది. మీరంతా టెక్నీషియన్‌ని బతిమాలుకోవడం చదువుతుంటే జాలేస్తోంది.

పాత లైన్‌మ్యాన్:
మాకు ఆ టెక్నీషియనే చట్టం సార్ 🙂

టూటౌన్ కుర్రాడు:
నాకో డౌట్. ఆన్‌లైన్‌లో ఎక్స్‌పాన్ ఓఎన్‌టీ అని రెండు వేల లోపే దొరుకుతున్నాయి, వాటికి పచ్చ పిన్ను కన్నం కూడా ఉంది. అదే కొనేసి మొత్తం మనదే పెట్టేసుకుంటే?

పాత లైన్‌మ్యాన్:
కొనుక్కోవచ్చు, కానీ నువ్వు తగిలించగానే రాదు. అవతల కంపెనీ గదిలో ఓఎల్‌టీ అని ఒక పెద్ద పెట్టె ఉంటుంది. ప్రతి ఇంటి ఓఎన్‌టీని అది సీరియల్ నంబర్‌తో గుర్తుపడుతుంది. నీ కొత్తదాని నంబర్ అక్కడ ఎక్కించేదాకా వెలుతురు అందుతూనే ఉంటుంది, నెట్ రాదు. జీపాన్, ఈపాన్ అని రెండు రకాల లైన్లున్నాయి, మీది ఏదో కనుక్కోకుండా కొంటే అసలుకే మోసం. ఎక్స్‌పాన్ బాక్స్‌లు రెండింటికీ పనికొస్తాయి. లోకల్ కేబుల్ ఆపరేటర్ మంచివాడైతే సీరియల్ ఎక్కిస్తాడు, పెద్ద కంపెనీలు చాలావరకు ఒప్పుకోవు. అయినా వెలుతురు మార్చే పనిలో ఏ ఓఎన్‌టీ అయినా ఒకటే, డబ్బులు పెట్టాల్సింది వైఫై దగ్గర.

గోదారి గట్టు:
అసలు బ్రిడ్జి ఎందుకు, కంపెనీ బాక్స్ అలాగే ఉంచి దాని లాన్ పోర్టులోంచి కొత్త రూటర్‌కి కేబుల్ వేస్తే పనైపోతుందిగా? మా ఇంట్లో అలాగే రెండేళ్లుగా నడుస్తోంది.

పాత లైన్‌మ్యాన్:
నడుస్తుంది, కాదనను. టెక్నీషియన్ దొరకనప్పుడు నేనూ అదే చెప్తాను. కానీ ఒక చిక్కుంది. రెండూ రూటర్లుగా ఉంటే రెండు గుమ్మాలు దాటాలి, దాన్ని డబుల్ నాట్ అంటారు, గేములు ఆడే పిల్లలూ ఇంటి కెమెరాలు బయట నుంచి చూసేవాళ్లూ తిట్టుకుంటారు. రెండింటి అడ్రసూ 192.168.1.1 అయితే కొత్తది అయోమయంలో పడి నెట్టే ఇవ్వదు, కొత్తదాన్ని 192.168.50.1కి మార్చాలి. ఈ గొడవంతా లేకుండా కొత్త రూటర్‌ని ఏపీ మోడ్‌లో పెట్టేస్తే అది కేవలం వైఫై మాత్రమే ఇస్తుంది, పంపకం పాత బాక్సే చూసుకుంటుంది.

కారంపొడి:
ఒక మాట చెప్పనా? అందరూ బ్రిడ్జి, వీలాన్ అంటున్నారు, ఆయన బాధ పైన గదిలో సిగ్నల్ రాకపోవడం. రూటర్ మార్చినంత మాత్రాన స్లాబు మారదు కదా! కొత్త రూటర్‌ని కూడా అదే టీవీ వెనకాల పెడితే ఆ ఆరంగుళాల కాంక్రీటు దాటాల్సిందే. 5 గిగాహెర్ట్జ్ అయితే మరీ నీరసం. కింద నుంచి పైకి ఒక క్యాట్ 6 కేబుల్ లాగి రూటర్‌ని పైన మెట్ల మొదట్లో పెట్టండి. కేబుల్‌కి వెనకాడి వైఫై మీద వేలకి వేలు పోయడం నాకెప్పుడూ అర్థం కాదు.

మేడ మీద గది:
అమ్మో, ఇది నాకు తట్టలేదు. నిజమే. వెనక వైపు డిష్ కేబుల్ పోయిన పైపు ఖాళీగా ఉంది, అందులోంచి లాగొచ్చు. అయితే కింద వాళ్లకి వైఫై ఎలా? రూటర్ పైకి పోతే అమ్మ సీరియల్స్ చూడటానికి నా గదికి వచ్చేస్తుంది.

కారంపొడి:
అలాగైతే బ్రిడ్జి మర్చిపోండి. కంపెనీ బాక్స్ కింద యథాప్రకారం వైఫై ఇస్తుంది, కొత్తది పైన ఏపీ మోడ్‌లో. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టండి, ఫోన్ దగ్గరున్నదాన్ని పట్టుకుంటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో కిందది ఛానల్ 1, పైది 6 లేదా 11. లేదూ బ్రిడ్జే కావాలి, కంపెనీ వాళ్లు నా వైఫై సెట్టింగుల్లో చేతులు పెట్టకూడదు అనుకుంటే, కొత్త రూటర్ కింద, ఇంకో చవక రూటర్ పైన.

పాత లైన్‌మ్యాన్:
మేడమ్ చెప్పింది ముమ్మాటికీ రైటు, నేను ఇంటి ప్లాన్ అడక్కుండానే మందు రాసేశాను. ఆ ఒకే పేరు సలహాకి చిన్న తోక: కొన్ని ఫోన్లు కింది సిగ్నల్‌ని జిగురులా పట్టుకుని పైకొచ్చినా వదలవు. అప్పుడు వైఫై ఓసారి ఆపి వేస్తే సరి.

మేడ మీద గది:
అప్‌డేట్. నిన్న ఆదివారం ఎలక్ట్రీషియన్‌తో కేబుల్ లాగించాను. టెక్నీషియన్ కూడా అనుకోకుండా దొరికాడు, బ్రిడ్జి చేయించుకున్నాను, ఎందుకంటే మా తమ్ముడి దగ్గర ఖాళీగా పడున్న పాత రూటర్ ఒకటి దొరికింది, అది పైకి, కొత్తది కింద. మొదట అరగంట పాటు "ఆథెంటికేషన్ ఫెయిల్డ్" అనే వచ్చింది. పాస్‌వర్డ్ కాగితం మీద అతను రాసింది సున్నా, నేను కొట్టింది ఓ. అది సరిచేశాక కూడా రాలేదు. పాత బాక్స్ లాగిన్ కంపెనీ సర్వర్‌లో ఇంకా వేలాడుతోందట, అన్నీ ఆపేసి పది నిమిషాలు ఆగి వేయమన్నాడు. వచ్చింది!

ఫోన్ మోగుతోంది, నాన్నగారు హ్యాపీ. కానీ స్పీడ్ టెస్ట్‌లో కచ్చితంగా 94 దగ్గర ఆగిపోతోంది. పైనా కిందా రెండు చోట్లా అంతే. ప్లాన్ 300 కదా?

పాత లైన్‌మ్యాన్:
94, 95 దగ్గర గోడకి కొట్టుకున్నట్టు ఆగిందంటే ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టో, నాలుగు తీగల కేబులో ఉంది. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కావాలి. ఓఎన్‌టీకీ రూటర్‌కీ మధ్య ఏ కేబుల్ వాడావు? దాని పిన్నుని వెలుతురులో పట్టుకుని బంగారు రంగు గీతల వెనక తీగలు లెక్కపెట్టు. ఓఎన్‌టీలో ఏ పోర్టులో పెట్టావో కూడా చూడు, కొన్ని బాక్సుల్లో ఒక్క పోర్టే గిగాబిట్ ఉంటుంది. పైన పెట్టిన పాత రూటర్ పోర్టులు 100వే అయితే మాత్రం పైన అంతకు మించి రాదు.

మేడ మీద గది:
లెక్కపెట్టాను. నాలుగే ఉన్నాయి! సొరుగులో పడున్న పాత కేబుల్ అది, ఏ సెట్‌టాప్ బాక్స్‌తోనో వచ్చినట్టుంది. కొత్త రూటర్ డబ్బాలో వచ్చిన పొట్టి కేబుల్ పెట్టగానే కింద 287. పైన 94 అలాగే ఉంది, మీరన్నట్టు తమ్ముడి రూటర్‌వి 100 పోర్టులే. మీటింగ్‌కి 94 ఎక్కువే, ప్రస్తుతానికి దాన్నలాగే ఉంచుతున్నాను.

టూటౌన్ కుర్రాడు:
కరెంటు పోతే? ఇప్పుడు కింద రెండు బాక్సులు కదా బ్రో.

పాత లైన్‌మ్యాన్:
మంచి మాట గుర్తుచేశావు. ఇన్వర్టర్ లేకపోతే చిన్న రూటర్ యూపీఎస్ తీసుకోండి, రెండు 12 వోల్టుల పిన్నులున్నది చూసి. ముందు రెండు ఎడాప్టర్ల మీదా వోల్టులు చదవండి, కొన్ని రూటర్లు 9 వోల్టులవి, పిన్ను సైజు ఒకటే కాబట్టి తారుమారుగా దూరిపోతుంది, 9ది 12లో పెడితే పొగ రావచ్చు. మార్కర్‌తో ఎడాప్టర్ మీద పేరు రాసిపెట్టుకోవడం ఉత్తమం. పైన ఉన్నదానికి కూడా వేరే బ్యాకప్ కావాలి, మర్చిపోకండి.

గోదారి గట్టు:
నాదొకటి మిగిలిపోయింది. మా ఇంటి కెమెరా రికార్డర్‌ని బయట నుంచి చూద్దామని పోర్ట్ ఫార్వర్డింగ్ (బయట నుంచి వచ్చేదాన్ని నేరుగా రికార్డర్‌కి పంపే సెట్టింగ్) పెట్టాను, ఎంతకీ రావట్లేదు. బ్రిడ్జి చేయిస్తే వస్తుందా?

పాత లైన్‌మ్యాన్:
ముందు బాక్స్ వాన్ పేజీలో మీకిచ్చిన ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే కంపెనీ వాళ్లు ఒకే ఐపీని చాలామందికి పంచుతున్నట్టు, సీజీనాట్ అంటారు. అప్పుడు మీరెన్ని రూటర్లు మార్చినా బయట నుంచి తలుపు తెరుచుకోదు. స్టాటిక్ ఐపీ అడిగి తీసుకోవాలి, దానికి నెలనెలా అదనంగా కట్టాలి. లేదా రికార్డర్ కంపెనీ యాప్‌లో క్యూఆర్ కోడ్‌తో కలిపే పద్ధతి ఉంటే అదే వాడండి. ఐపీ ఎంతో ఇక్కడ పెట్టండి, మొదటి రెండు అంకెలు చాలు, మొత్తం పెట్టకండి.

గోదారి గట్టు:
100.71.

పాత లైన్‌మ్యాన్:
అయితే బ్రిడ్జి ఖర్చు మిగిలింది మీకు. క్యూఆర్ చూసుకోండి.