అమెరికా అంతర్యుద్ధాన్ని ఒక్క కుటుంబం ఉత్తరాలతో పిల్లలకు చెప్పడం ఎలా?

ప్రశ్న: రిచ్‌మండ్, వర్జీనియా నుంచి ఒక తల్లి

నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఈ ఏడాది బడిలో అమెరికా అంతర్యుద్ధం పాఠ్యాంశంగా ఉంది. 1861 ఏప్రిల్‌లో సమ్టర్ కోట మీద కాల్పులతో యుద్ధం మొదలైందనీ, 1865 ఏప్రిల్‌లో దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడనీ, ఆరు లక్షలకు పైగా సైనికులు మరణించారనీ ఆమె తడుముకోకుండా చెబుతుంది. అయితే ఆ ఆరు లక్షల మందికీ ఇళ్లూ, తల్లిదండ్రులూ ఉన్నారన్న ఊహ ఆమెకు ఇంకా కలగలేదు. మేముంటున్న ఊరు ఆనాడు దక్షిణాది కూటమికి, అంటే బానిసత్వాన్ని నిలుపుకోవడానికి దేశం నుంచి విడిపోయిన రాష్ట్రాలకు, రాజధాని. ఇక్కడి ప్రధాన వీధిలో ఉన్న లీ విగ్రహాన్ని 2021లో ఎందుకు తొలగించారని ఆమె అడిగినప్పుడు, తేదీలతో సమాధానం చెప్పడం నాకు సాధ్యం కాలేదు. ఆనాటి ఒక కుటుంబం రాసుకున్న ఉత్తరాలను వరుసగా చదివించాలని అనుకుంటున్నాను. ఏ కుటుంబాన్ని ఎంచుకుంటే మంచిది? ఈ వయసు పిల్లకు ఎంతవరకు చెప్పవచ్చు? అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయండి.

సమాధానం: పెన్సిల్వేనియాలో చరిత్ర బోధించే ఉపాధ్యాయురాలు

ఫ్రెడరిక్ డగ్లస్ కుటుంబంతో మొదలుపెట్టండి. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చి, దాని నిర్మూలన కోసం జీవితమంతా పోరాడిన ఆ తండ్రి, 1863 మార్చిలో నల్లజాతి యువకులను ఉత్తరాది ప్రభుత్వ సైన్యంలో చేరమని పిలుపునిచ్చినప్పుడు, ముందుగా చేరినవారిలో ఆయన కుమారులు లూయిస్, చార్లెస్ ఉన్నారు. ఇద్దరూ నల్లజాతి సైనికుల మసాచుసెట్స్ 54వ పటాలంలో చేరారు. పిలిచిన వ్యక్తి తన బిడ్డలనే ముందు పంపించాడన్న విషయం పిల్లల మనసుకు వెంటనే పడుతుంది.

1863 జులై 18 సాయంత్రం ఆ పటాలం దక్షిణ కరొలైనాలో దక్షిణాది సేనల చేతిలో ఉన్న వాగ్నర్ కోట మీద దాడి చేసింది. పటాల నాయకుడు రాబర్ట్ గౌల్డ్ షా అక్కడే ప్రాణాలు విడిచాడు. రెండు రోజుల తరువాత, జులై 20న, లూయిస్ తాను ప్రేమించిన అమీలియాకు ఉత్తరం రాశాడు. ఫిరంగి గుండు పేలినచోట ఇరవై అడుగుల మేర మనుషులు లేకుండా పోయేవారనీ, మిగిలినవారు మళ్లీ దగ్గరగా జరిగి ముందుకు నడిచేవారనీ, తాను ప్రాణాలతో ఎలా బయటపడ్డాడో తనకే తెలియదనీ అందులో ఉంది. మళ్లీ పోరాడవలసి వస్తుందేమో, అప్పుడు చనిపోతే మంచి పని కోసమే చనిపోయానని గుర్తుంచుకోమని కూడా కోరాడు. పిల్లలతో ఈ ఉత్తరం చదివేటప్పుడు ఆయన బతికాడా లేదా అన్నది ముందుగా చెప్పకండి. అమీలియాకు కూడా ఆ ఉత్తరం చేతికందిన రోజున, అది రాసిన తరువాత ఏం జరిగి ఉంటుందో తెలియదు. ఆ తెలియనితనంలో కాసేపు ఉండగలిగితే, యుద్ధకాలంలో ఇంట్లో కూర్చుని ఎదురుచూడటం ఎలాంటిదో పిల్లలు తమంతట తామే గ్రహిస్తారు. ఇద్దరికీ 1869లో పెళ్లయిందన్న సంగతిని చివరికి దాచి ఉంచండి.

జీతాల విషయం తప్పకుండా చెప్పాలి. తెల్లజాతి సైనికుడికి నెలకు 13 డాలర్లు ఇస్తున్న ప్రభుత్వం, నల్లజాతి సైనికుడికి 10 డాలర్లు నిర్ణయించి అందులో 3 డాలర్లు దుస్తులకని కోసింది. 54వ పటాలం ఆ జీతం తీసుకోవడానికే నిరాకరించింది. ఆగస్టు 10న తండ్రి డగ్లస్ స్వయంగా దేశాధ్యక్షుడు లింకన్‌ను కలిసి ఈ అన్యాయాన్ని ప్రస్తావించారు. నా తరగతిలో గాయాల వర్ణన కంటే ఈ 13కూ 7కూ మధ్య తేడాయే పిల్లలకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది, ఆ కోపం న్యాయమైనది.

సమాధానం: హనుమకొండ నుంచి విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, పై సలహా మంచిదే గాని, మీ అమ్మాయి అడిగింది లీ విగ్రహం గురించి కదా. గెలిచిన పక్షంవారి ఉత్తరాలు మాత్రమే చదివితే ఆ ప్రశ్నకు సగం జవాబే దొరుకుతుంది. జార్జియాలోని లిబర్టీ కౌంటీలో జోన్స్ అనే ప్రెస్బిటేరియన్ క్రైస్తవ శాఖ మతబోధకుడి కుటుంబం ఉండేది. కొడుకు సవానా నగరానికి మేయరుగా కూడా పనిచేశాడు. వారి ఉత్తరాలు ఆప్యాయతతో నిండి ఉంటాయి. మన పెద్దలు ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టినట్టే వారు కూడా ఒకరి ఆరోగ్యం ఒకరు పదేపదే అడుగుతారు, దైవాన్ని తలుస్తారు. అదే కుటుంబం వందమందికి పైగా మనుషులను ఆస్తిగా ఉంచుకుంది. ప్రేమగల తండ్రి, భక్తిగల తల్లి కూడా ఇంతటి దుర్మార్గాన్ని సహజమని నమ్మి బతకగలరని పిల్లలకు తెలియకపోతే, బానిసత్వం రాక్షసుల పని మాత్రమే అనుకుంటారు.

సమాధానం: పెన్సిల్వేనియా ఉపాధ్యాయురాలు

మాస్టారూ, మీరు చెప్పినది హైస్కూలు పిల్లలకు నూటికి నూరుపాళ్లూ సరిపోతుంది. తొమ్మిదేళ్ల పిల్ల మాత్రం తాను చదువుతున్న ఉత్తరం ఎవరిదో వారి పక్షానే నిలబడుతుంది. ఆ ఇంట్లో వంట చేస్తున్న మనిషి ఏమనుకుంటోందో ఆ కాగితంలో ఉండదు. దక్షిణాదిలోని చాలా రాష్ట్రాలు బానిసలకు చదువు చెప్పడాన్ని చట్టవిరుద్ధం చేశాయి కనుక వారి ఉత్తరాలు చాలా తక్కువ. అందుకే జోన్స్ కుటుంబాన్ని పరిచయం చేయదలిస్తే, దాని పక్కన స్పాట్స్‌వుడ్ రైస్ ఉత్తరాన్ని ఉంచాలి. మిస్సోరీలో బానిసగా ఉండి ఉత్తరాది సైన్యంలో చేరిన ఆయన, 1864 సెప్టెంబరులో సెయింట్ లూయిస్ సైనిక ఆసుపత్రి నుంచి, ఇంకా బానిసలుగానే ఉన్న తన కూతుళ్లకు, సైన్యంతో వచ్చి మిమ్మల్ని తీసుకువెళతానని రాశాడు. ఒక కూతురి యజమానురాలికి విడిగా మరో ఉత్తరం రాసి, ఆ బిడ్డ దేవుడు తనకిచ్చిన బిడ్డ అని స్పష్టం చేశాడు.

రిచ్‌మండ్ అమ్మాయికి ఈ రెండో ఉత్తరం చదివించి, యజమానురాలు ఏమని జవాబు రాసి ఉండవచ్చో అడగండి. ఆ కుమార్తెల్లో ఒకరు 1937లో, ఎనభై దాటిన వయసులో, తన తండ్రి గురించి ప్రభుత్వ ఉద్యోగులకు చెప్పిన మాటలు కూడా నమోదై ఉన్నాయి. వాటిని తరువాతి వారానికి ఉంచవచ్చు.