ఎమ్మెస్‌డబ్ల్యూకి (సోషల్ వర్క్ పీజీకి) పెట్టిన డబ్బు తిరిగొస్తుందా? నెల్లూరు, ప్రకాశం వాళ్ళు చెప్పండి

కావలి_ప్రశ్న
బీఏ అయిపోతున్న అమ్మాయి. నాన్నది బేల్దారి పని. కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీలో సీటు రాకపోతే ప్రైవేటు కాలేజీలో చేర్చొచ్చా? ఖర్చు, జీతం తెలిసినవాళ్ళు చెప్పండన్నా.

పెన్నా_గట్టు
పీజీసెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) రాసి క్యాంపస్ సీటొస్తే చేర్చండి. ప్రైవేటయితే జాగ్రత్త. 2020 డిసెంబరులో జీవో 77 తెచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీకి ఫీజు రీయింబర్స్‌మెంటు తీసేశారు. "తర్వాత వస్తదిలే" అని ఎవరైనా నోటిమాటగా చెప్తే ఒప్పుకోవద్దు, ఈ ఏడాది వస్తుందో రాదో కాగితం మీద రాయించుకోండి. ఫీజు బాకీ పడితే టీసీ చేతికి రావడం కష్టం.

జీతం సంగతి. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో సోషల్ వర్కర్‌కి మిషన్ వాత్సల్య (కేంద్రం బాలల సంరక్షణ పథకం) 2022 మార్గదర్శకాల ప్రకారం నెలకు 18,536. పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 140, వృత్తి పన్ను 150 కోసేచోట చేతికొచ్చేది 16,446. అదీ కాంట్రాక్టు. ఊళ్ళు తిరిగే అవుట్‌రీచ్ వర్కర్‌కయితే 10,592. ఫీల్డ్‌వర్క్ (చదువులో భాగంగా ఊళ్ళకి, కాలనీలకి పోయి చేసే పని) ఛార్జీలు కూడా వేసుకోండి: వారానికి రెండ్రోజులు, సెమిస్టర్‌కి 16 వారాలు, రోజుకి వంద. నాలుగు సెమిస్టర్లకి 12,800.

ఒంగోలు_బస్టాండ్
ఆడపిల్లకి ఛార్జీలెక్కడివి? 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి, ఆడవాళ్ళకి ఉచిత బస్సు, ఉండాది కదా. ఆ 12,800 కొట్టేయండి.

పెన్నా_గట్టు
స్త్రీశక్తి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లోనే. ఫీల్డ్‌వర్క్‌కి పోయే గిరిజన కాలనీలు చాలావరకు మెయిన్‌రోడ్డు మీద ఉండవు. చెరువుకట్ట దిగి లోపలికి పోవాలి. ఆటో, మధ్యాహ్నం అన్నం ఎవరిస్తారు?

ఒంగోలు_బస్టాండ్
ఆటోకి, అన్నానికి వంద రాశారా, బస్సుకి వంద రాశారా? ముందు అది చెప్పండి.

చీమకుర్తి_హెచ్ఆర్
ఇంకా బస్సు దగ్గరే ఉండారు. అసలు తేడా తెచ్చేది స్పెషలైజేషన్. రెండో ఏడాది హెచ్ఆర్ తీసుకోమనండి. పాత ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 49 ప్రకారం 500 మంది కార్మికులుంటే వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలి. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన లేబర్ కోడ్‌లో అది 250కి దిగింది. కృష్ణపట్నం వైపు, కింద తడ, శ్రీసిటీ వైపు వెతుక్కోవచ్చు. కానీ డిగ్రీ ఒక్కటే పట్టుకుపోతే ఇంటర్వ్యూలో నిలబడలేరు. మస్టర్ (హాజరు పట్టీ) నుంచి వేతనాల పట్టీ వెయ్యడం, పీఎఫ్ నెలవారీ ఈసీఆర్ (ఎవరికెంత పీఎఫ్ కట్టారో చూపే రిటర్ను) ఫైలు, ఈఎస్ఐ చలానా, ఎక్సెల్: ఈ నాలుగూ బ్లాక్ ప్లేస్‌మెంట్ (ఒకే సంస్థలో వరసగా చేసే శిక్షణ) నెలలోనే చేత్తో చెయ్యాలి. చాలామంది ఆ నెల సంతకాలతో సరిపెట్టి, తర్వాత "అనుభవం లేదంటున్నారు" అని బాధపడతారు.

ఉదయగిరి_అక్క
అందర్నీ హెచ్ఆర్‌కే తోలితే ఎట్లా? అందులో సైకియాట్రిక్ సోషల్ వర్క్ (మానసిక రోగులతో, వాళ్ళ కుటుంబాలతో చేసే పని) కూడా ఉంది. అయితే 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఎమ్మెస్‌డబ్ల్యూ తర్వాత రెండేళ్ళ ఎంఫిల్ కావాలి. అంటే ఇంకో రెండేళ్ళు, అది ముందే తెలుసుకుని దిగాలి.

ఫీల్డ్‌వర్క్‌ని ఖర్చుగా మాత్రమే చూడొద్దు. ఫీల్డ్‌వర్క్ రికార్డు రాయడం వస్తే ఉద్యోగం వచ్చినట్టే. "ఇంటికెళ్ళాను, బడికి పంపమని నచ్చజెప్పాను" అని రాస్తే వైవాలో నిలబడదు. "ఆధార్‌లో పుట్టినతేదీ తేడా, అందుకే హాస్టల్ సీటు ఆగింది, సచివాలయంలో దిద్దుబాటుకి పెట్టించాను, వచ్చే మంగళవారం రసీదు చూడాలి" అని రాయాలి. తేదీ, అవసరం, చేసింది, తర్వాత చెయ్యాల్సింది. ఏ రోజుది ఆ రోజే రాసి ఏజెన్సీ (ఫీల్డ్‌వర్క్ చేసే సంస్థ) సూపర్‌వైజర్ సంతకం తీసుకోవాలి. సెమిస్టర్ చివర అన్నీ ఒకేసారి పెడితే సంతకం పెట్టరు, మార్కులు పోతాయి.

పెన్నా_గట్టు
అక్కా, రికార్డు ఎంత బాగా రాసినా 16,446 పదిహేడు వేలు కాదు.

ఉదయగిరి_అక్క
నీకు ప్రతిదీ రూపాయే. ఆ జీతానికి ఎవరూ రాకపోతే శిక్షణ లేనివాళ్ళని కూర్చోబెడతారు. పిల్లని ఇంటికి పంపాలా, హోముకి పంపాలా అన్నది వాళ్ళు తేలుస్తారు. అది నీకు సమ్మతమా?

పెన్నా_గట్టు
సమ్మతం కాదు. ఆ బరువు బేల్దారి బిడ్డ మీద ఎందుకు పెడుతుండావు? పర్మినెంటు చెయ్యకుండా, ఏటా రెన్యువల్ అని భయపెట్టి పని చేయించుకునేది ప్రభుత్వం. సేవ అనే మాట చూపించి తక్కువ జీతానికి ఒప్పించడమే నాకు కోపం. నేను మొదట్నుంచీ కొట్లాడుతుండేది దీని గురించే, బస్సు గురించి కాదు.

ఉదయగిరి_అక్క
ఆ జీతం తక్కువేనని నేనూ ఒప్పుకుంటా. కానీ ఈ చదువుకే రావొద్దంటే ఒప్పుకోను. పిల్లకి ఇష్టమో కాదో ఒక్కరైనా అడిగారా?

చీమకుర్తి_హెచ్ఆర్
ఇష్టముంటే క్యాంపస్ సీటు, లేకపోతే ఇంకో ఏడాది ఆగి పీజీసెట్ మళ్ళీ. అప్పు చేసి ప్రైవేటు వద్దు.

కావలి_ప్రశ్న
అడిగాను. ఆధార్ కేసు రాసిన విధానం చదివి, ఇట్లాంటి పనే చెయ్యాలనుందని అంది. ఈసారి పీజీసెట్ మాత్రమే రాయిస్తాం. అక్కా, ఆ రికార్డు నమూనా ఒక పేజీ పెట్టగలరా?

ఒంగోలు_బస్టాండ్
ఆ వంద సంగతి ఎవరూ చెప్పలేదు.