శ్రీనాథుడు చుట్టుకున్న కోక ఏమిటి? పాత తెలుగులో కోక, చీర అన్న మాటల అర్థం

ప్రశ్న (దేవరకొండ నుంచి, తెలుగు ఉపాధ్యాయురాలు):
మా బడిలో పిల్లలకు శ్రీనాథుని చాటువులు చెబుతున్నాను. విజయనగరంలో ప్రౌఢదేవరాయల దర్శనం దొరకక విసిగి చెప్పినట్టుగా ప్రచారంలో ఉన్న ‘కుల్లాయుంచితి, కోక సుట్టితి, మహాకూర్పాసమున్ దొడ్గితిన్’ అన్న పద్యం దగ్గర పాఠం ఆగింది. మా దిక్కు పల్లెల్లో కోక అంటే ఆడవాళ్లు కట్టుకునే చీరే కనుక, అంతటి కవి కోక ఎందుకు చుట్టుకున్నాడని పిల్లలు అడిగారు. ‘బట్ట అని అర్థం’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు ఇష్టం లేదు. ఈ మాట నడిచి వచ్చిన దారి తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (గద్వాల నుంచి):
అమ్మా, పిల్లలు అడిగింది చాలా మంచి ప్రశ్న. పాత తెలుగులో కోక అంటే ఒంటికి చుట్టుకునే, కుట్టు లేని నిడుపాటి బట్ట. కట్టుకున్నది ఆడవారా, మగవారా అన్న తేడాను ఆ మాట పట్టించుకోలేదు. చీర సంగతీ అంతే. రాముడు నారచీరలు కట్టి అడవికి పోయాడని చిన్ననాటి నుంచి వింటూనే ఉన్నా, అందులో చీర ఉందని మనకు తట్టదు. వాల్మీకి రామాయణంలో కైక కోరిన వరంలోనే ‘చీరాజినజటాధారీ’ అని ఉంది: నారబట్ట, జింకతోలు, జడలు ధరించినవాడని భావం. సంస్కృతంలో చీరమంటే చెట్టు పట్టతో చేసిన బట్ట, చింపిన పీలిక అని కూడా. కన్నడంలో సీరె, తమిళంలో సీరై అన్న రూపాలున్నాయి. హిందీలోని సాడీ మాత్రం శాటీ అన్న సంస్కృత పదం నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది కనుక, చీరే సాడీ అయిందని కొందరు చెప్పే మాట నిలవదు.

విస్తారమైన అర్థం ఇట్లా ఒక్కదానికే కుదించుకుపోవడాన్ని అర్థసంకోచం అంటారు. దీనికి ఎదురుగా నడిచిన మాట నూనె. మొదట అది నువ్వుల నెయ్యి. ఇప్పుడు పల్లీలది కూడా మనకు మంచినూనే.

జవాబు (నల్లగొండ నుంచి):
పై వివరణతో ఏకీభవిస్తూనే, పద్యంలోని క్రియలను చూడమని కోరుతున్నాను. కవి ఆ పాదంలో మూడు ఉడుపులకు మూడు క్రియలు వాడాడు: కుల్లాయి ఉంచాడు, కోక చుట్టాడు, కూర్పాసం తొడిగాడు. కుల్లాయి టోపీ గనుక తలమీద ఉంచుకునేది; కూర్పాసం అంగీ వంటి కుట్టిన ఉడుపు గనుక తొడుక్కునేది; కోక కుట్టనిది గనుక చుట్టుకునేది. ఆ కోకను నడుముకు చుట్టాడన్నా, భుజాల మీదుగా చుట్టాడన్నా పద్యం ఒప్పుకుంటుంది, కానీ ఆడవారి కట్టు అన్న ఊహకు అందులో ఎక్కడా చోటు లేదు. దొరకని కొలువు కోసం తనది కాని వేషమంతా వేశానన్న బాధ ఆ మూడు క్రియల్లోనే పలుకుతున్నది, కాబట్టి పిల్లల చేత ఆ పాదాన్ని నెమ్మదిగా చదివించండి.

బట్టకు మన పాత కవుల దగ్గర ఇంకెన్నో పేర్లున్నాయి. పోతన గోపికలు ‘మామా వలువలు ముట్టకు’ అన్నారు. పసిడి పుట్టం కట్టినవాడు విష్ణువు. వలువ ఇంకా పుస్తకాల్లోనైనా బతికి ఉంది. పుట్టం ఆ మాత్రమూ కనబడదు.

జవాబు (పుట్టపాక నుంచి, చేనేత కుటుంబం):
మగ్గం పని చేసేవారికి ఈ పాత అర్థం వింతగా తోచదు. నారాయణపేటలో ఒకే పడుగు మీద 8 చీరలు వరుసగా నేసి, తరువాత కోసి విడదీసే పద్ధతి ఉంది. కోసేదాకా మగ్గం మీద ఉన్నది ఒకటే బట్ట. మా ఊరి తేలియా రుమాలును చూడండి. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ మళ్లీ మళ్లీ నానబెట్టి నేసే ఆ చదరపు బట్టను అరబ్బు దేశాలవారు తలకు చుట్టుకునేవారు. రుమాలు పారసీక పదం. రూ అంటే ముఖం, మాల్ అంటే తుడిచేది. అంటే ముఖం తుడుచుకునే గుడ్డ పేరు మన రైతుల నెత్తిమీది పాగాకు వచ్చింది. మాట మారినా, చుట్టుకునే గుణం మాత్రం రుమాలుకూ, కోకకూ ఒక్కటే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ నమస్కారాలు. మూడు క్రియల వివరణ నేరుగా తరగతిలో చెప్పదగినది. నోటుపుస్తకంలో రాయించే అర్థం ఎట్లా ఉండాలి?

జవాబు (గద్వాల నుంచి):
‘కోక: ఒంటికి చుట్టుకునే కుట్టని బట్ట, నేటి వాడుకలో చీర’ అని రెండు అర్థాలూ ఈ వరుసలోనే రాయించండి. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ బడి గ్రంథాలయంలో ఉంటే, పాల్కురికి సోమనాథుడు చెప్పిన వెంజావళి, మంచుపుంజం, మణిపట్టు మొదలైన బట్టల పేర్లను పిల్లల చేత చదివించండి. ఆ పేర్లు వినగానే, అవి ఎవరు కట్టేవారన్న ప్రశ్న వాళ్లే వేస్తారు.