పద్నాలుగేళ్ల పాపకి తప్పు చెప్పాను, ఎలా సరిదిద్దుకోవాలి?

ఆదివారం_అక్క:
అందరికీ నమస్తే. నాకు 21 ఏళ్లు, డిగ్రీ చదువుతున్నాను. మూడు నెలలుగా నేనూ నా ఫ్రెండూ కలిసి మా చుట్టుపక్కల ఆడపిల్లలకి ఆదివారం సాయంత్రాలు నెలసరి గురించి చెప్తున్నాం. పదిహేను మంది దాకా వస్తారు. మేం డాక్టర్లం కాదు. రెండు రోజుల శిక్షణ తీసుకున్నాం, మిగతాది చదువుకుని చెప్తున్నాం.

రెండు వారాల కిందట బోర్డు మీద "నెలసరి 28 రోజులకి ఒకసారి వస్తుంది" అని రాశాను. వెనక కూర్చున్న ఒక పాప నోట్‌బుక్ మూసేసింది. తనకి మొదలై ఏడాదే అయింది. అందరూ వెళ్లాక చెప్పులు వెతుక్కుంటున్నట్టు అక్కడే తచ్చాడి, చివరికి "అక్కా, నాకు నలభై రోజులకి వస్తోంది, నాకేమైనా అయిందా?" అని అడిగింది. నాకు టెన్షన్ వచ్చేసి "వెంటనే డాక్టర్‌కి చూపించుకో" అనేశాను. పాప మొహం ఒక్కసారిగా వాడిపోయింది. ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసింది, ఆ వయసులో అది మామూలేనట. పోయిన ఆదివారం ఆ పాప రాలేదు.

ఇప్పుడు తనతో ఎలా మాట్లాడాలి? బోర్డు మీద రాసింది తప్పని అందరికీ చెప్పాలా? తప్పు ఒప్పుకుంటే తల్లులకి మన మీద నమ్మకం పోతుందని నా ఫ్రెండ్ భయం. వాళ్లని ఒప్పించడానికే నెల పట్టింది మాకు.

రాత్రి_డ్యూటీ:
నేను నర్సుని. అమ్మా, డాక్టర్ దగ్గరికి వెళ్లమనడం తప్పేమీ కాదు. కాకపోతే పాప దాన్ని "నాకు జబ్బు" అని విన్నది. మొదటి రెండు మూడేళ్లు అండం ప్రతి నెలా విడుదల కాదు. మెదడుకీ అండాశయాలకీ మధ్య సంకేతాలు ఇంకా కుదురుకుంటూ ఉంటాయి. అందుకే ఆ వయసులో 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా కంగారు అక్కర్లేదు. పెద్దవాళ్లలో కూడా అందరికీ సరిగ్గా 28 రాదు.

ఎప్పుడు చూపించుకోవాలో మాత్రం పిల్లలకి గట్టిగా చెప్పండి. మూడు నెలలు దాటినా రాకపోతే, ఏడు రోజులకి మించి బ్లీడింగ్ అవుతుంటే, గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే, నొప్పికి స్కూల్ మానేయాల్సి వస్తుంటే, 15 ఏళ్లు నిండినా మొదలవకపోతే వెళ్లాలి. నొప్పిని ఓర్చుకోవాలి అని మాత్రం దయచేసి చెప్పకండి. గర్భాశయం ముడుచుకునేలా చేసే ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం వల్ల వచ్చే నొప్పి అది, దానికి మందులున్నాయి.

చీటీల_డబ్బా:
చెల్లీ, నేను నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. తప్పకుండా అందరి ముందూ సరిదిద్దు. మొదట్లో నేను "నెలసరిలో చెడు రక్తం పోతుంది" అని చెప్పాను, చిన్నప్పుడు నేను విన్నదీ అదే మరి. తర్వాతి వారం నిలబడి, "నేను చెప్పింది తప్పు. ఒంట్లో తిరిగే రక్తమే అది, గర్భాశయం లోపలి పొరతో కలిసి వస్తుంది" అన్నాను. ఎవరూ నవ్వలేదు. పేరు రాయకుండా ప్రశ్నలు వేసే డబ్బా ఒకటి పెట్టాను, ఆ రోజే అందులో చీటీలు ఎక్కువ పడ్డాయి. ఒకదాని మీద "రక్తం అంతా పోతే చచ్చిపోతామా" అని పెన్సిల్‌తో రాసి, చెరిపేసి, మళ్లీ రాసి ఉంది.

దానికి మాటలతో జవాబు చెప్పలేదు నేను. దగ్గు మందు సీసా మీద ఉండే మూత, 10 మి.లీ. గీత ఉన్నది, పట్టుకెళ్లాను. ఎర్ర రంగు కలిపిన నీళ్లు నాలుగు మూతలు గ్లాసులో పోసి, "చాలామందికి అన్ని రోజులూ కలిపి పోయే రక్తం ఇంచుమించు ఇంతే" అన్నాను. గ్లాసు అడుగున కొంచెమే ఉంది. ఒక్కొక్కరూ చేతిలోకి తీసుకుని వంచి చూశారు. "మరి ప్యాడ్ మీద అంత కనిపిస్తుందేంటి?" అని ఒకమ్మాయి అడిగింది. రక్తంతో పాటు ఆ పొర, వేరే ద్రవాలు కూడా కలుస్తాయని చెప్పాను. చీటీ రాసింది ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు.

పదిహేడు:
అక్కా, ఒక్క మాట. సరిదిద్దేటప్పుడు "ఒక పాప అడిగింది" అని అనొద్దు. అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. నాకు అలాగే అయింది, ఆ తర్వాత నేనెప్పుడూ ఏమీ అడగలేదు.

ఆదివారం_అక్క:
అందరికీ థాంక్స్, ముఖ్యంగా నీకు పదిహేడూ. అది నాకు తట్టేది కాదు.

బుధవారం వాళ్లింటికి వెళ్లాను. పాప మెట్ల మీద కూర్చుని ఉంది. "తప్పు నాది, నీకేం కాలేదు" అన్నాను. లోపలికి వెళ్లి క్యాలెండర్ తెచ్చింది. చిన్న చిన్న చుక్కలు పెట్టుకుంది. ఇద్దరం లెక్కపెట్టాం: 38, 42, 35, 40. ఇకమీదట చుక్కలు ఆపొద్దనీ, మూడు నెలలు దాటితే మాత్రం అమ్మకి చెప్పమనీ చెప్పాను. నిన్న వచ్చింది, ఈసారి ముందు వరసలో కూర్చుంది.

నిన్నే బోర్డు మీద 28 కొట్టేసి, "మొదటి రెండు మూడేళ్లు: 21 నుంచి 45" అని రాశాను. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న ఒక తల్లి, "మరి నాకు 46 ఏళ్లమ్మా, రెండు నెలలకోసారి వస్తోంది, దానికేమంటావ్?" అని అడిగారు. నాకు తెలీదండీ, కనుక్కుని వచ్చే ఆదివారం చెప్తాను అన్నాను. సిస్టర్ గారూ, ఆవిడకి ఏం చెప్పాలి?